వీపు మీద చుక్క

కిటికీ పక్కన కుట్టు మిషన్ మీద భార్య ఎవరిదో చొక్కాకు కాలరు కుడుతుంటే, జిగురు బాబాయ్ ఆ గదిలోకి వచ్చి, చెప్పుల కోసం వెతుక్కుంటూ, ఎడమ చేత్తో ఫ్యాన్ ఆపేశాడు. ఆపిన సంగతి ఆయనకు తెలియదు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు చెయ్యి స్విచ్ దగ్గరికి వెళ్తుంది, దాని వెనకాల మనిషి వెళ్తాడు.

"మళ్ళీ ఆపారు," అంది భార్య తలెత్తకుండానే.

"దేన్ని?"

"నా ప్రాణాన్ని. ఇక్కడేమన్నా మీ పురుగులున్నాయా, గాలికి లేచిపోవడానికి? ఈ గుడ్డ లేచిపోదు, నేనూ లేచిపోను. లేచిపోయే వయసులోనే పోలేదు, ఇప్పుడెక్కడికి పోతాను?"

బాబాయ్ మళ్ళీ స్విచ్ వేసి, తప్పు చేసిన పిల్లాడిలా గోడకు ఒదిగి నిలబడ్డాడు. ఒదిగితే ఒదిగే శరీరం కాదు అది. ఆయన గుమ్మంలో నిలబడితే గదికి వెలుతురు ఉండదు. చెప్పుల దుకాణంలో ఆయన సైజు అడిగితే, అమ్మేవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తారు. ఒక్కో వేలు అరటిపండంత ఉంటుంది. అరచెయ్యి బోర్లిస్తే అన్నం పళ్ళెం మూతపడుతుంది. ఇంత మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, నువ్వుగింజంత పురుగుల్ని అట్టముక్కలకు అతికించడం. ఏనుగు చేత పూసలు గుచ్చిస్తున్నట్టుందని చూసినవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ ఏనుగు ఉద్యోగం పొడుగునా పూసలు బాగానే గుచ్చింది.

ఆ ఉద్యోగం ఆయనకు అంటించిన గుణం ఒక్కటే, ఊపిరి బిగబట్టడం. అంత చిన్న పురుగు ముందు కూర్చుని మామూలు మనిషి ఊపిరి వదిలితే పురుగు ఉండదు. అంత ఛాతీ ఉన్న మనిషి వదిలితే పెట్టె కూడా ఉండదు. అందుకని పని చేస్తున్నంతసేపూ గాలి పీల్చి లోపలే దాచుకుని, ఆ తర్వాత పక్కకు తిరిగి చొక్కా కాలరులోకి మెల్లగా వదిలేవాడు. రాను రాను ఆఫీసుకూ ఇంటికీ తేడా లేకుండా పోయింది. కూరలో ఉప్పు చూసినా బిగబట్టడమే. సొంత పెళ్ళి ఫొటోలు మొదలుకుని కూతురి పెళ్ళి ఫొటోల దాకా అన్నింట్లోనూ బుగ్గలు పూరించుకునే ఉన్నాడు. కూతురు పుట్టినప్పుడు ఉయ్యాల మీదికి వంగి ఎంతసేపు చూశాడంటే, నర్సు భయపడి పసిబిడ్డను వదిలేసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్దగా నవ్వడు, నిట్టూర్చడు, తుమ్ము వస్తే వీధిలోకి పరుగెత్తుతాడు. ఆయనతో పోట్లాడితే మజా ఉండదని భార్య బాధ. ఎంత తిట్టినా ఎదుటి మనిషి బుగ్గలు పూరించుకుని నిలబడితే గోడను తిట్టినట్టే కదా.

"ఇవాళ మీ పెద్దాయన వచ్చే రోజు," అంది ఆవిడ డబ్బా అందిస్తూ. "మెత్తటి బిస్కెట్లు పెట్టాను. ఆయన పళ్ళకు పనికొస్తాయి. దారిలో మీరు తినేయకండి."

"నేనెందుకు తింటాను?"

"పోయిన వారం ఎందుకు తిన్నారో ఇప్పుడూ అందుకే."

బాబాయ్ బుగ్గలు పూరించి వీధిలోకి నడిచాడు.

ఆయన పనిచేసేది పురుగుల మ్యూజియంలో. జనం టిక్కెట్టు కొని చూసే చోటు కాదు అది. చచ్చిన పురుగుల్ని జాతులవారీగా పెట్టెల్లో పెట్టి దాచే చోటు. ఆ వీధివాళ్ళు పురుగుల ఆఫీసు అంటారు. పొడుగాటి వరండా, దాని చివర నీటి పురుగుల గది. గది నిండా అలమారాలు, అలమారాల నిండా సొరుగులు, సొరుగుల నిండా అద్దపు మూతల పెట్టెలు. కలరా ఉండల వాసన బాబాయ్ ఒంటికి ఎంతగా పట్టిందంటే, ఆయన బస్సెక్కితే పక్క సీటువాళ్ళకు ఎప్పుడో మడతపెట్టి దాచిన పెళ్ళి బట్టలు గుర్తొచ్చేవి.

ఆ గదిలో పైకప్పుకు ఒక ఫ్యాన్ ఉంది. ఉందన్న మాటే గానీ, అది తిరగగా చూసినవాళ్ళెవరూ ఇప్పుడు ఉద్యోగంలో లేరు. దాని స్విచ్ మీద అడ్డంగా ఒక కాగితపు పట్టీ, పట్టీ మీద వెలిసిపోయిన సిరాతో "ముట్టుకున్న చెయ్యి విరుగుతుంది" అన్న రాత. రాసింది పెద్దాయన. అతికించింది బాబాయ్. ఆ కాలపు జిగురు పసుపుపచ్చగా, బెల్లప్పాకంలా ఉండేది. అంటుకుంటే వేడినీళ్ళకు తప్ప వదిలేది కాదు.

పెద్దాయన ఆ గదికి ఒకప్పటి అధికారి. బాబాయ్‌ని ఉద్యోగంలో పెట్టింది ఆయనే. అప్పటికి బాబాయ్ అలమారాలు మోయడానికి వచ్చిన కూలీ. అంతకు ముందే అక్కడ పురుగులు అతికించే మనిషి ఏదో మాటకు అలిగి మానేశాడు. అలమారా దించి చెమట తుడుచుకుంటున్న కుర్రవాడి చేతికి పెద్దాయన ఒక పట్టకారు ఇచ్చి, "కాస్త దీన్ని పట్టుకోవోయ్," అన్నారు. పట్టకారు కొసన ఒక నల్ల నలుసు. కుర్రవాడు పట్టుకున్నాడు. చెయ్యి వణకలేదు. నిజానికి అది భయంతో బిగుసుకుపోయింది. పెద్దాయన దాన్ని నేర్పు అనుకున్నారు. లోకంలో చాలా ఉద్యోగాలు ఇలాగే దొరుకుతాయి. ఆ రోజే బ్రష్షు, జిగురు సీసా కూడా ఇచ్చి, ఆ నలుసును అతని చేతే అతికించారు.

ఆ నలుసే అసలు సంగతి. అదొక నీటి పురుగు. వానలు పడ్డాక రాళ్ళ మధ్య నిలిచిన నీళ్ళలో ఈదే నల్లటి పెంకు పురుగు. రెక్కల కింద చిన్న గాలి మూట కట్టుకుని నీళ్ళలో మునుగుతుంది. మూట ఖాళీ అయ్యాక పైకొచ్చి మళ్ళీ నింపుకుంటుంది. ఈ విషయం పెద్దాయన చెప్పగా విని బాబాయ్ ఆ పురుగును తన మనిషిగా భావించాడు. అలాంటివి ఆ గదిలో పెట్టెలకు పెట్టెలున్నాయి, ఏ గుంటలో వల ముంచినా పడతాయి. అయితే బాబాయ్ అతికించిన ఆ ఒక్క పురుగును, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, వీపు మీద ఎడమవైపున తేనె రంగులో ఒక మెరిసే చుక్క కనిపించింది. ఇంకే పురుగుకూ లేదు. పెద్దాయన కుర్చీలోంచి లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. కొత్త జాతి అని తేల్చి, బొమ్మ గీసి, వర్ణన రాసి అచ్చు వేయించారు. ఆ జాతికి తన భార్య పేరు పెట్టారు. ఆవిడకు ఎడమ కంటి కింద, రంగు నల్లదే గానీ, సరిగ్గా అలాంటి మచ్చే ఉండేది.

పాపం, ఆవిడ మురిసిపోతుందనుకున్నారు. "లోకంలో పువ్వులు లేవా, పిట్టలు లేవా? నా పేరు పెట్టడానికి మీకు గుంటలో పురుగు దొరికిందా?" అని ఆవిడ చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. ఒకరోజు తనంతట తానే ఆఫీసుకు వచ్చి, మైక్రోస్కోపులోకి వంగి చూసి, "పర్వాలేదు, శుభ్రంగానే ఉంది," అంది. ఆ పూట ఆవిడకు టీ ఇచ్చింది బాబాయే. ఆవిడ పోయి ఏళ్ళయింది. చుక్క ఉన్న రెండో పురుగు కోసం పెద్దాయన ఏటా వానాకాలమల్లా వల పట్టుకుని గుంటలు గాలించారు. ఒక్కటీ దొరకలేదు. ఆయన శాస్త్ర జీవితంలో మిగిలిన ఘనత అదొక్కటే, ఆవిడ పేరు మిగిలిన చోటూ అదొక్కటే. అందుకే ఇప్పటికీ వారం వారం కర్ర పొడుచుకుంటూ వచ్చి, పెట్టె తీయించి, మైక్రోస్కోపులో చూసి, "ఉందోయ్," అంటారు. ఆ మాట అన్నాక టీ తాగి వెళ్ళిపోతారు.

ఆ గదికి ఇప్పటి అధికారి ఒక మేడమ్. బాబాయ్ కూతురికంటే ఓ ఏడాది పెద్దదేమో. ఆయన తలుపు తీస్తుండగానే వచ్చింది.

"బాబాయ్, రేపు ఫొటోలవాళ్ళు వస్తున్నారు. ముఖ్యమైన పురుగులన్నీ కొత్త కెమెరాతో తీస్తారట. సార్ గారి పురుగు చూడండి, పక్కకు ఒరిగిపోయింది. పాత జిగురు పగిలినట్టుంది. ఊడదీసి, దుమ్ము కడిగి, మళ్ళీ అతికించి పెట్టండి."

"అలాగేనమ్మా."

"చుక్క బాగా కనపడాలి. ఆ చుక్కే కదా దానికి ఊరూ పేరూ."

బాబాయ్ పెట్టె తీసుకుని తన బల్ల దగ్గర కూర్చున్నాడు. పని చాలా చిన్నది. మైక్రోస్కోపు కింద గాజు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, అట్టముక్కతో సహా పురుగును అందులో వదలాలి. పాత జిగురు కరుగుతుంది, అట్ట అటు, పురుగు ఇటు అవుతాయి. ఒంటి వెంట్రుక బ్రష్షుతో దుమ్ము తుడిచి, తడి అద్దుడు కాగితం మీద పెట్టుకుని, కొత్త అట్టముక్కను మొన వచ్చేలా కత్తిరించి, మొనకు చుక్కంత జిగురు రాసి, పురుగు కుడి పక్కను దానికి ఆనించాలి. నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తాడు. బుగ్గలు పూరించి పురుగును నీళ్ళలో వదిలాడు. అది ఊడింది. బ్రష్షుతో తల తుడిచాడు, కాళ్ళు తుడిచాడు, వీపు తుడిచాడు. కాగితం మీద పెట్టి, కన్ను ఆనించి చూశాడు.

చుక్క లేదు.

వెలుతురు సరిగా పడలేదేమో అనుకుని దీపం జరిపాడు. కుడీ ఎడమా తారుమారైందేమో అనుకుని పురుగును తిప్పాడు. వెల్లకిలా వేశాడు. పొట్ట మీద మచ్చ ఉండదని తెలిసీ పొట్ట కూడా వెతికాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. నల్లగా, నున్నగా, ఏ గుంటలో వల ముంచినా దొరికే పురుగొకటి ఆయన వైపు చూస్తోంది. ఆఖరికి బ్రష్షు కొసను రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు. జిగటగా తగిలింది. జీవితమంతా వేళ్ళకు అంటిన జిగటే అది. ఆయన గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు?

అలమారాలు మోసిన చేతులతో, మొట్టమొదటి రోజు, మొట్టమొదటి పురుగు మీద, బ్రష్షు కొస నుంచి జారిన బొట్టు. పెద్దాయన కొత్త జాతిని కనిపెట్టలేదు. బాబాయ్ తయారు చేశాడు. ఇవాళ గోరువెచ్చటి నీళ్ళతో కడిగేశాడు కూడా. తుమ్మితే ఊడే ముక్కు అంటారే, ఆ ముక్కును ఇన్నేళ్ళు తుమ్ములు ఆపుకుని మరీ కాపాడాడు. చివరికి అది స్నానానికి ఊడింది.

ఆయనకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా పెద్దాయన గుర్తొచ్చారు. ఇంకాసేపట్లో కర్ర చప్పుడు వినిపిస్తుంది. ఆయన వంగి చూస్తారు. "ఉందోయ్," అనడానికి నోరు తెరుస్తారు. ఆ నోరు ఏమైపోవాలి? ఉద్యోగం, పేరు, వానలో గాలించిన గుంటలు, ఆఖరికి భార్య పేరు కూడా ఒక కూలీవాడి జిగురు బొట్టు మీద నిలబడ్డాయని ఆ వయసులో ఆయనకు చెప్పడమా?

చెప్పకుండా ఉండే దారి ఒకటి ఉంది. చుక్క పెట్టిన చెయ్యి ఇక్కడే ఉంది, మళ్ళీ పెడితే సరి. బాబాయ్ కొత్త జిగురు సీసా తీశాడు. కొత్త జిగురు నీళ్ళలా తెల్లగా ఉంటుంది, తేనె రంగు రాదు. ఫ్లాస్కులోంచి టీ డికాక్షన్ ఒక బొట్టు కలిపాడు. రంగు కుదిరింది. బ్రష్షు ముంచి పురుగు మీదికి తెచ్చాడు. ఉద్యోగం మొత్తంలో వణకని చెయ్యి వణికింది. బొట్టు పెద్దదై పడింది, పురుగు వానకోటు తొడుక్కున్నట్టయింది. కడిగాడు. రెండోసారి పెడితే నెత్తిన పడింది, టోపీ అయింది. కడిగాడు. మూడోసారి బ్రష్షు ఎత్తి ఆగిపోయాడు. మొదటి చుక్క తెలియక పెట్టింది. ఇది తెలిసి పెట్టేది. అప్పటిది పొరపాటు, ఇప్పటిది మోసం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, కడిగిన కాలిని మళ్ళీ తీసుకెళ్ళి అదే అడుసులో పెట్టమని ఎవరూ అనలేదు.

వరండాలో కర్ర చప్పుడు వినిపించింది.

పెద్దాయన ఒకప్పుడు ఎలా ఉండేవారో గానీ ఇప్పుడు కర్రకూ ఆయనకూ పెద్ద తేడా లేదు. ఒంటి మీద చొక్కా తనంతట తాను నడిచి వస్తున్నట్టుంటుంది. చెవులు మాత్రం వయసుతోపాటు పెరిగాయి.

"ఉన్నావుటోయ్?"

"ఉన్నాను సార్. కూర్చోండి. మా ఆవిడ మీకు బిస్కెట్లు పంపింది."

"నువ్వు తినలేదే?" అంటూ పెద్దాయన స్టూలు మీద కూర్చున్నారు. కర్ర బల్లకు ఆనించి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఎప్పటిలాగే అడగకుండానే మైక్రోస్కోపులోకి వంగారు.

బాబాయ్‌కి "ఒక్క నిమిషం సార్," అనేంత వ్యవధి కూడా దొరకలేదు. మింగలేక కక్కలేక నిలబడ్డాడు. మోచేతులు బల్లకు ఆనించి పెద్దాయన చాలాసేపు చూశారు.

"తిప్పి చూశావా?" అన్నారు తల ఎత్తకుండానే.

"చూశాను సార్."

"వెల్లకిలా?"

"అలాక్కూడా చూశాను. లేదు సార్." ఆ తర్వాత మాట బిగబట్టిన ఊపిరితోపాటు ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. "అది నా జిగురండీ. మొదటి రోజుది. దాన్ని మీరు మచ్చ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇవాళ కడిగితే పోయింది. మళ్ళీ పెడదామని చూశాను సార్, చెయ్యి రాలేదు."

పెద్దాయన కన్ను మైక్రోస్కోపు మీదే ఉంది. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాడు బాబాయ్. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నారు. గట్టిగా నవ్వితే పురుగు ఎగిరిపోతుందని, నోరు మూసుకుని, భుజాలతో నవ్వుతున్నారు.

"మా ఆవిడ మచ్చ కూడా అంతేనోయ్," అన్నారు.

"అంటే సార్?"

"కాటుక. పెళ్ళయిన కొత్తల్లో ఓ రోజు వానలో తడిసి ఇంటికొచ్చింది. చూస్తే మచ్చ లేదు. తువ్వాలు ఇచ్చాను, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఉంది. కాస్త కిందికి దిగి."

"మీరు అడగలేదా?"

"అడిగితే మానేస్తుంది కదా. మచ్చ బాగుంది అన్నాను. అలా అంటూనే ఉన్నాను, ఎన్నేళ్ళో. కాటుకని తెలిసే ఈ పురుగుకు దాని పేరు పెట్టాను. ఆఖరికి ఆసుపత్రిలో చెయ్యి లేవట్లేదు, అద్దం అడిగింది. నేనే వేలికి కాటుక తీసుకుని పెట్టాను. నాకు తెలుసని అప్పుడు తెలిసింది దానికి."

"ఏమన్నారండీ అమ్మగారు?"

"ఏమంటుంది? 'కిందికి పెట్టారు, ఇంకాస్త పైకి,' అంది."

బాబాయ్‌కి ఆ టీ గ్లాసు, "శుభ్రంగానే ఉంది" అన్న గొంతు గుర్తొచ్చాయి. కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకున్నాడు. గుండె మీది బరువు దిగిందో, ఇంకో బరువు ఎక్కిందో ఆయనకే తెలియలేదు.

"మరి ఇప్పుడేం చేద్దాం సార్? మీరు దగ్గరుండి చూపిస్తే చుక్క పెడతాను."

"పెడుదువుగానిలే, తొందరేముంది. మచ్చ లేకుండా దాన్ని నేను ఎక్కువగా చూడలేదోయ్. కాసేపు చూడనీ." పెద్దాయన నుదురు మైక్రోస్కోపుకు ఆనించుకున్నారు. "ఊపిరి బిగబట్టు, కాగితం ఆరుతున్నట్టుంది. కదిలిపోగలదు."

బాబాయ్ బుగ్గలు పూరించాడు. ఆ గది ఆచారమే అది. మైక్రోస్కోపులో చూస్తున్నవాళ్ళు ఊపిరి తీయరు, పక్కన నిలబడ్డవాళ్ళు మాట్లాడరు. ఆయన పక్కకు తిరిగి కొత్త అట్టముక్క కత్తిరించాడు. గుండుసూదికి గుచ్చి, పెట్టెలో పేరు చీటీ మీద నిలబెట్టి, మొనకు డికాక్షన్ కలిపిన జిగురు ఒక చుక్క రాశాడు. ఈసారి చెయ్యి వణకలేదు. బ్రష్షు పట్టుకుని, పెద్దాయన ఊ అంటే అతికిద్దామని నిలబడ్డాడు. మధ్యలో మేడమ్ గుమ్మంలోకి వచ్చి, పెద్దాయన చూస్తున్నారని గమనించి, టీ గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, మునివేళ్ళ మీద వెళ్ళిపోయింది. బాబాయ్ కాలరులోకి ఊపిరి వదిలి మళ్ళీ పీల్చాడు. మళ్ళీ వదిలాడు. పెద్దాయన భుజాలు కదలలేదు. ఊపిరి బిగబట్టడంలో ఈయన నన్ను మించిపోయారే, ఎంతైనా గురువు గురువే అనుకున్నాడు.

టీ మీద మీగడ కట్టింది.

"సార్, చల్లారిపోతోంది," అన్నాడు మెల్లగా.

పెద్దాయన పలకలేదు. బాబాయ్ బ్రష్షు కింద పెట్టి ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. ఆ పెద్ద చెయ్యి కింద వీపు చిన్నగా, కదలకుండా ఉంది. పురుగులతో బతికిన చెయ్యి అది. కదిలేదేదో కదలనిదేదో దానికి వెంటనే తెలుస్తుంది. అయినా ఆయన ఒప్పుకోలేదు.

"గాలి, గాలి," అన్నాడు. అంటూనే రెండు అంగల్లో స్విచ్ దగ్గరికి వెళ్ళాడు. పట్టీ చింపి అవతల పడేశాడు. స్విచ్ నొక్కాడు. అన్నేళ్ళ నిద్రలోంచి లేచిన ఫ్యాన్ మూలిగి, తుప్పు రాల్చి, గిర్రున తిరిగింది. అలమారాల మీది దుమ్మంతా గదిలోకి దిగింది. బల్ల మీది చీటీలు లేచాయి, అద్దుడు కాగితం లేచింది. బాబాయ్ పెద్దాయన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతుల్లో ఎత్తి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, "అమ్మా, మేడమ్ గారూ," అని కేక పెట్టాడు. ఆయనకు అంత గొంతు ఉందని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. వరండా పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి.

డాక్టరు వచ్చి నాడి చూసి, అంతా అయి చాలాసేపయిందని, బాధపడకుండా వెళ్ళిపోయారని చెప్పాడు. దూరపు బంధువు ఒకరు వచ్చి తీసుకెళ్ళారు. వ్యాను వరండా దాటేదాకా బాబాయ్ దాని పక్కనే నడిచి, ఆ తర్వాత గదిలోకి తిరిగొచ్చాడు. మేడమ్ బల్ల ముందు నిలబడి ఉంది.

"బాబాయ్, పురుగేది?"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. అద్దుడు కాగితం ఒక మూల దొరికింది. పురుగు దొరకలేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో నేలంతా ఊడ్చారు. దొరికిన దుమ్మును కాగితం మీద పోసి, మైక్రోస్కోపులో చూశారు. తుప్పు, పెంకులు, వేరే పురుగుల కాళ్ళు, రెక్కల ముక్కలు. జీవితమంతా ఊపిరి వదలకుండా కాపాడిన దాన్ని ఒక్క స్విచ్‌తో తానే వదిలేశాడు.

"తప్పు నాదేనమ్మా. నేనే ఫ్యాన్ వేశాను."

"ఎవరైనా వేస్తారు బాబాయ్. మనిషి పడిపోతే పురుగును చూస్తామా?" మేడమ్ కళ్ళు తుడుచుకుంది. "రేపు వాళ్ళకు నేను చెప్పుకుంటాలెండి. పురుగు పోయింది గానీ, సార్ గారు రాసిన వర్ణన ఉంది, గీసిన బొమ్మ ఉంది. ఇక దాన్ని చూసి కాదనేవాళ్ళెవరూ ఉండరు. అమ్మగారి పేరు అలాగే ఉంటుంది."

బాబాయ్ చుక్క సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు. మేడమ్ ముఖం చూశాడు. బుగ్గలు పూరించి, ఆ మాటను లోపలే దాచుకున్నాడు. జీవితంలో నేర్చుకున్న విద్య అన్నిటికంటే అవసరమైన పూట ఆయన్ని ఆదుకుంది. అది తప్పో ఒప్పో ఆయన అడగలేదు, మనమూ అడగవద్దు. ఇన్నేళ్ళూ మచ్చ బాగుందని అన్న మనిషి వెళ్ళిపోయాడు. ఇక అనవలసినవాడు తానే.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య ఇంకా మిషన్ ముందే ఉంది. చొక్కా పూర్తి కావొచ్చింది. బాబాయ్ లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆవిడ కుట్టడం ఆపి ఆయన వంక చూసింది.

"ఏమైందండీ? ఫ్యాన్ ఆపలేదు."

"పెద్దాయన పోయారే," అన్నాడు బాబాయ్. పక్కకు తిరగకుండా, కాలరులోకి వంగకుండా, గదిలోకి పెద్దగా నిట్టూర్చాడు. కుట్టు ముక్కలు, దారం పోగులు మిషన్ మీంచి లేచి నేల మీద పడ్డాయి. ఆవిడ వాటిని ఏరబోలేదు. లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"బిస్కెట్లు తిన్నారా ఆయన?"

"లేదు."

"పోనీ మీరైనా తినాల్సింది," అని ఆవిడ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అది ఆవిడ రెండు చేతుల్లోనూ పట్టలేదు.

ఆఫీసులో నీటి పురుగుల గదికి తాళం వేసి ఉంది. బల్ల మీద మూత తీసిన పెట్టెలో, పెద్దాయన భార్య పేరు రాసిన చీటీ పైన, గుండుసూదికి గుచ్చిన కొత్త అట్టముక్క ఖాళీగా నిలబడి ఉంది, మొన మీద తేనె రంగు జిగురు చుక్క ఒకటి ఆరిపోయి మెరుస్తోంది.